సమీకరణంలో మైనస్‌తో తంటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో సాయంత్రం పూట హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. ఆమదాలవలస వైపు నుంచి వచ్చేవాళ్ళైనా, ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చేవాళ్ళైనా సమీకరణాలు మొదలయ్యేసరికి ఇవే ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళ అమ్మానాన్నలు అడిగేవి కూడా కొన్ని కలిపాను.

పుస్తకంలో తెలియని సంఖ్యని ఎక్స్ అంటారు కదా, ఇక్కడ దాన్ని ‘య’ అని రాస్తున్నాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశికి ‘యా’ అనే గుర్తు పెట్టుకున్నాడు. కాబట్టి ఇది నా సొంత పైత్యం కాదు.

ఒక సంఖ్యని అటు వైపు పంపితే గుర్తు ఎందుకు మారుతుంది?

నిజానికి ఏదీ ఎటూ పోదు. ఈ సమీకరణం చూడండి:

య + 7 = 3

సమానం గుర్తుకి రెండు పక్కలా ఉన్నది ఒకటే విలువ. ఎడమ పక్క ‘య’ ఒక్కటే మిగలాలంటే 7 తీసెయ్యాలి. ఎడమ పక్క 7 తీసేసి కుడి పక్క ఊరుకుంటే రెండూ ఇక సమానం కావు. అందుకని అక్కడ కూడా 7 తీస్తాం.

య + 7 − 7 = 3 − 7
య = −4

ఎడమ పక్క +7, −7 కొట్టుకుపోయాయి. కుడి పక్క −7 కొత్తగా చేరింది. మధ్య లైను రాయకుండా మొదటి లైనూ చివరి లైనూ మాత్రమే చూస్తే, 7 అవతలికి గెంతి గుర్తు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. పుస్తకంలో ‘పక్షాంతరం చేయగా’ అని రాసేది ఈ మధ్య లైనుని మింగేసిన పద్ధతినే.

పద్ధతి తప్పు కాదు, పని త్వరగా అవుతుంది. కానీ ‘అటు పంపితే మారుతుంది’ అన్నదే మొదటి పాఠంగా చెప్పడం నాకు నచ్చదు. ఎందుకు మారుతుందో తెలియని పిల్లలు మారకూడని చోట కూడా మార్చేస్తారు. మధ్య లైను చేతికి అలవాటయ్యేదాకా రాయించండి, తర్వాత వాళ్ళే మానేస్తారు.

5 − 2య + 8 లో మైనస్ ఎవరిది? 5 దా, 2య దా?

2య ది. గుర్తు ఎప్పుడూ తన కుడి పక్కనున్న పదానిదే. అందులో ఉన్న పదాలు మూడు: +5, −2య, +8. ముందు ఏ గుర్తూ లేని 5 కి ప్లస్ ఉన్నట్టే లెక్క, మనం రాయమంతే.

పదాల వరస మార్చినప్పుడు గుర్తు కూడా పదంతోనే వెళ్ళాలి. 5 + 8 − 2య అని రాయొచ్చు, −2య + 5 + 8 అని రాయొచ్చు. 2య − 5 + 8 అని మాత్రం రాయకూడదు. లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కో పదాన్నీ దాని గుర్తుతో కలిపి పెన్సిల్‌తో సున్నా చుట్టమంటాను. ఏడో తరగతి పిల్లలకి ఇది బాగా పనిచేస్తుంది. పదో తరగతి వాళ్ళు నామోషీ పడతారు గానీ, వాళ్ళలోనూ కొందరికి ఇది అవసరమే.

−3య = 12 అయితే య ఎంత? 12 + 3 = 15 కదా, 3 అటు వెళ్ళింది కాబట్టి?

కాదు. నా దగ్గరికొచ్చే నోట్‌బుక్కుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఈ రెండూ పక్కపక్కన పెట్టండి:

−3 + య = 12
−3య = 12

మొదటిదాంట్లో −3, య కలిసి కూడికలో ఉన్నాయి. −3 ని పోగొట్టాలంటే రెండు పక్కలా 3 కలపాలి: య = 15. ఇక్కడ గుర్తు మారినట్టు కనిపిస్తుంది.

రెండోదాంట్లో కూడిక లేదు, −3 య ని గుణిస్తోంది. గుణకారాన్ని పోగొట్టేది భాగహారమే. దేంతో గుణించామో సరిగ్గా దాంతోనే భాగించాలి. మనం గుణించింది 3 తో కాదు, −3 తో. అందుకని రెండు పక్కలా −3 తో భాగిస్తాం.

−3య ÷ (−3) = 12 ÷ (−3)
య = −4

చూశారా, −3 కుడి పక్కకి వచ్చినా −3 గానే ఉంది. పదాన్ని పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది. గుణకం అవతలికి వెళ్తే గుణకారం భాగహారమవుతుంది, గుర్తు అలాగే ఉంటుంది. ఈ రెండు సంగతులూ కలిసిపోవడం వల్లే 15, 9, 4 అని రకరకాల జవాబులు వస్తాయి. 15 రాసినవాళ్ళు 3 కలిపారు. 9 రాసినవాళ్ళు 3 తీసేశారు. 4 రాసినవాళ్ళకి భాగించాలని తెలుసు, కానీ మైనస్‌ని దారిలో వదిలేశారు.

భాగహారంలో ఉన్నా ఇదే తీరు. య/(−5) = 2 అయితే రెండు పక్కలా −5 తో గుణించాలి. య = −10.

−య = 3 అని వచ్చింది. ఇక్కడ ఆపేయొచ్చా?

ఆపకూడదు. అడిగింది య, మీకు దొరికింది −య. రెండు పక్కలా −1 తో గుణిస్తే య = −3.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. −య అనగానే అది రుణసంఖ్యే అని పిల్లలు అనుకుంటారు. అలా ఏమీ లేదు. య విలువ −3 అయితే −య విలువ 3, అంటే ధనసంఖ్య. ముందున్న మైనస్ చెప్పేది ‘య కి వ్యతిరేక సంఖ్య’ అని మాత్రమే. అది ధనమా రుణమా అన్నది య ని బట్టి ఉంటుంది.

య ముందు మైనస్ ఉంటే భయమేస్తోంది. తప్పించుకునే దారి ఉందా?

ఉంది. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కొన్నారనుకోండి. 500 రూపాయల నోటు ఇచ్చి ఒకే రకం ప్యాకెట్లు మూడు తీసుకుంటే 80 రూపాయలు తిరిగి ఇచ్చారు. ప్యాకెట్ ధర య.

500 − 3య = 80

చాలామంది 500 ని అటు పంపుతారు: −3య = 80 − 500, అంటే −3య = −420, య = 140. జవాబు సరైనదే. కానీ దారిలో మైనస్‌లు మూడు నాలుగు చోట్ల తగిలాయి.

దీనికి బదులు రెండు పక్కలా 3య కలపండి. మైనస్ ఉన్న పదాన్నే ముందు కదిలిస్తున్నామన్నమాట.

500 = 80 + 3య
420 = 3య
య = 140

ఒక్క రుణసంఖ్య కూడా రాయకుండా పని అయిపోయింది. య కుడి పక్క ఉంటే నష్టమేమీ లేదు. ‘య ఎప్పుడూ ఎడమ పక్కే ఉండాలి’ అన్న పట్టుదల వదిలేస్తే సగం గొడవ తగ్గుతుంది.

500 ని పంపేటప్పుడు 3య ముందున్న మైనస్‌ని మర్చిపోయి 3య = −420 అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. అప్పుడు ప్యాకెట్ ధర మైనస్ 140 అవుతుంది. అంటే కొట్టువాడు జీడిపప్పు ఇచ్చి పైగా మనకే డబ్బులివ్వాలి. అలాంటి కొట్టు ఉంటే నాకూ చెప్పండి.

ఎడమ పక్కది కుడికి, కుడి పక్కది ఎడమకి మొత్తం మార్చేస్తే గుర్తులు మారతాయా?

మారవు. 5 = య అన్నా, య = 5 అన్నా ఒకటే. 420 = 3య ని 3య = 420 అని తిరగేసి రాసేటప్పుడు మనం ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. ‘అటు పంపితే మారుతుంది’ అని బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ −3య = −420 అని రాస్తారు. అదృష్టవశాత్తూ అదీ నిజమే. కానీ ఒక పక్కే మార్చి 3య = −420 అని రాస్తే అది తప్పు.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే?

బ్రాకెట్ లోపలున్న ప్రతి పదానికీ ఆ మైనస్ తగలాలి.

10 − 2(య − 3) = 4

ఇక్కడ బ్రాకెట్‌ని గుణిస్తున్నది −2. దాన్ని య తో గుణిస్తే −2య, −3 తో గుణిస్తే +6.

10 − 2య + 6 = 4
16 = 4 + 2య
య = 6

సరిచూద్దాం: 10 − 2 × 3 = 4. సరిపోయింది. రెండో పదం గుర్తు మార్చకుండా 10 − 2య − 6 = 4 అని రాసుంటే య = 0 వచ్చేది. అసలు సమీకరణంలో 0 పెట్టి చూడండి: 10 − 2(−3) = 16. ఎక్కడి 4, ఎక్కడి 16!

బ్రాకెట్ ముందు ఉత్త మైనసే ఉండి సంఖ్య లేకపోతే, అక్కడ −1 ఉందనుకోండి.

భిన్నం ముందు మైనస్ ఉంటే కూడా అంతేనా?

అంతే. కానీ బ్రాకెట్ కంటికి కనిపించదు కాబట్టి ఇది ఇంకా ప్రమాదం. ఒక పదం కంటే ఎక్కువ ఉన్న లవానికి కింద గీసిన గీత, బ్రాకెట్ చేసే పనే చేస్తుంది.

5 లోంచి (య − 2)/3 తీసేస్తే 4 వచ్చింది, య ఎంత? రెండు పక్కలా 3 తో గుణిస్తే హారం పోతుంది:

15 − (య − 2) = 12

నోట్‌బుక్‌లో గీత మీద య − 2 అని మాత్రమే ఉంటుంది, బ్రాకెట్ ఉండదు. హారం పోయిన వెంటనే బ్రాకెట్ మనమే పెట్టుకోవాలి. అది పెట్టనివాళ్ళు 15 − య − 2 = 12 అని రాసి య = 1 తెస్తారు. పెట్టినవాళ్ళకి 15 − య + 2 = 12, అంటే య = 5. మొదట్లో ఉన్న 5 ని కూడా 3 తో గుణించి 15 చెయ్యడం మర్చిపోకండి. ఇది మైనస్ సమస్య కాదు గానీ, రెండు తప్పులూ తరచూ జంటగా వస్తాయి.

మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ అన్నారు. మరి −3 − 5 అంటే +8 ఎందుకు కాదు?

ఆ వాక్యంలో ‘కలిస్తే’ అన్న మాటే కొంప ముంచింది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్. కూడితే కాదు.

పాల కొట్లో 3 రూపాయలు బాకీ, కిరాణా కొట్లో 5 రూపాయలు బాకీ ఉంటే మొత్తం 8 రూపాయల బాకీ. −3 − 5 = −8. రెండు బాకీలు కలిసి జేబులో డబ్బయిపోవు కదా.

రుణసంఖ్యని తీసేస్తే మాత్రం ప్లస్ వస్తుంది: 4 − (−6) = 4 + 6 = 10. ఇక్కడ రెండు మైనస్‌లూ ఒకే సంఖ్య ముందు ఉన్నాయి. −3 − 5 లో ఒక్కో సంఖ్యకీ ఒక్కో మైనసే ఉంది. తేడా పట్టుకోవాల్సింది అక్కడే.

సరే, గుణిస్తే మాత్రం ప్లస్ ఎందుకు?

‘రూల్ అంతే’ అని తప్పించుకోనక్కర్లేదు, చూపించొచ్చు. 2 + (−2) = 0 అని మనకి తెలుసు. దాన్ని −3 తో గుణిస్తే సున్నాయే రావాలి.

(−3) × 2 + (−3) × (−2) = 0

మొదటి ముక్క −6. దానికి ఎంత కలిపితే సున్నా వస్తుంది? +6. కాబట్టి (−3) × (−2) విలువ +6 కాక తప్పదు. వేరే ఏది పెట్టినా విభాగ న్యాయం (బ్రాకెట్ బయటి సంఖ్య లోపలి ప్రతి పదాన్నీ గుణించాలన్న నియమం) చెడిపోతుంది.

ఈ మైనస్‌ని ఎవరు కనిపెట్టారు మాస్టారూ?

తిట్టడానికి ఒక్క మనిషి దొరకడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనం, ఋణం అన్న పేర్లతోనే కూడిక, తీసివేత, గుణకారాలకి నియమాలు చెప్పాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అన్నది అందులో ఉంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాల సాధన మీద పుస్తకం రాశాడు. తీసివేతలో ఉన్న పదాన్ని రెండు పక్కలా కలిపి పోగొట్టడం ఆయన పద్ధతిలో ముఖ్యమైన మెట్టు. జీడిపప్పు లెక్కలో మనం చేసింది అదే. ఆయన విడి రుణసంఖ్యల జోలికి పోలేదు.

గుర్తుల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1881లో పెషావర్ దగ్గర దొరికిన బక్షాలీ అనే పాత లెక్కల రాతప్రతిలో రుణసంఖ్య పక్కన, ఇప్పటి మన ప్లస్‌లా కనిపించే గుర్తు పెట్టారు! భాస్కరాచార్యుడి పద్ధతిలో అంకె నెత్తిన చుక్క పెడితే రుణం. ఇప్పుడు మనం వాడే +, − గుర్తులు అచ్చులో కనిపించింది 1489లో, జర్మనీలో యోహాన్నెస్ విడ్‌మన్ పుస్తకంలో. సమానం గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన తెచ్చాడు.

జవాబు మైనస్‌లో వస్తే లెక్క తప్పినట్టేనా?

జీడిపప్పు ధర మైనస్ వస్తే తప్పే. అన్ని చోట్లా కాదు.

తండ్రి వయసు 45, కొడుకు వయసు 17. ఎన్నేళ్ళకి తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లవుతుంది?

45 + య = 3(17 + య)
45 + య = 51 + 3య
−6 = 2య
య = −3

పిల్లలు ఇక్కడ కొట్టేసి మళ్ళీ మొదలుపెడతారు. కొట్టెయ్యకండి. మైనస్ 3 ఏళ్ళకి అంటే, 3 ఏళ్ళ కిందట. అప్పుడు తండ్రికి 42, కొడుక్కి 14. మూడు రెట్లే. ప్రశ్న ‘ఇక ముందు’ అని అడిగినా, సమీకరణం ‘అది ఎప్పుడో అయిపోయింది’ అని చెప్పింది.

సైన్స్ సూత్రాలు తిరగేసేటప్పుడు ఏది ముందు పంపాలి?

ఫారన్‌హీట్‌ని ‘ఫా’ అనీ, సెల్సియస్‌ని ‘సె’ అనీ రాద్దాం. ఫా = (9/5) × సె + 32. సె కావాలంటే ముందు 32 తియ్యాలి, తర్వాతే 5/9 తో గుణించాలి.

సె = (5/9) × (ఫా − 32)

98.6 డిగ్రీల ఫారన్‌హీట్‌కి ఇది 37 ఇస్తుంది. బ్రాకెట్ పెట్టకుండా ముందు గుణించేసి చివర్లో 32 తీస్తే 23 కి కాస్త తక్కువ వస్తుంది. అది మనిషి ఒంటి వేడి కాదు, చలికాలం పొద్దుటి వాతావరణం.

మా గుంటడికి లెక్కలన్నీ వస్తాయి గానీ మైనస్ దగ్గరే పోతన్నాయి. నాకా లెక్కలు రావు. ఇంట్లో ఏటి చూడమంటారు?

మీకు సమీకరణం సాధించడం రానక్కర్లేదండి. ‘వచ్చిన జవాబుని మొదటి లైనులో పెట్టి చూపించు’ అని అడగండి చాలు. రెండు పక్కలా ఒకే సంఖ్య వస్తే సరి. రాకపోతే తప్పు ఎక్కడుందో వాణ్ణే వెతుక్కోమనండి. రబ్బరు మాత్రం ఇవ్వకండి. చెరిపేస్తే ఏ లైనులో గుర్తు పోయిందో ఎవరికీ తెలియదు. పరీక్ష ముందు రోజు రాత్రి ఈ పని పెట్టుకుంటే మీకూ వాడికీ టెన్షనే, అంతకుముందే మొదలుపెట్టండి.

ఎన్.ఎం.ఎం.ఎస్. (ఎనిమిదో తరగతి పిల్లల స్కాలర్‌షిప్ పరీక్ష) లాంటి పరీక్షల్లో నాలుగు ఆప్షన్లు ఇస్తారు కదా, అక్కడ కూడా ఇంతేనా?

అక్కడ ఇంకా జాగ్రత్త. మైనస్ మర్చిపోతే ఏ జవాబు వస్తుందో ప్రశ్న తయారు చేసేవాళ్ళకి తెలుసు. దాన్నే ఒక ఆప్షన్‌గా పెడతారు. 4, −4 రెండూ కనిపిస్తే వెంటనే గీసెయ్యకండి. రెండిటినీ సమీకరణంలో పెట్టి చూడడానికి ఎంతోసేపు పట్టదు.

సమానం బదులు ‘కంటే తక్కువ’ గుర్తు ఉంటే?

కలపడం, తియ్యడం మామూలే. రుణసంఖ్యతో గుణించినా భాగించినా ‘కంటే తక్కువ’ గుర్తు ‘కంటే ఎక్కువ’గా తిరగబడుతుంది. −2య < 6 అయితే య > −3. ఎందుకంటే 2 కంటే 5 పెద్దది గానీ, −5 కంటే −2 పెద్దది.

సాధనకి కొన్ని ఇవ్వండి.

9 − య = 14
−4య = −20
2 − 5య = య + 20
3 − 2(య − 4) = 7
6 లోంచి (య + 1)/2 తీస్తే 8

జవాబులు వరసగా −5, 5, −3, 2, −5. నాలుగోదానికి −6 వచ్చిందంటే బ్రాకెట్‌లో రెండో పదం గుర్తు మార్చలేదు. 11 వచ్చిందంటే గుణకారం వదిలేసి 3 లోంచి 2 ముందే తీసేశారు. ఐదోదానికి −3 వచ్చిందంటే గీత పోయాక బ్రాకెట్ పెట్టలేదు.